పొసగని జతలు

పిడుగు పడింది పెరట్లో కొబ్బరిచెట్టు మీద. చెడిపోయింది మాత్రం హంసిని అత్తవారింటి కంప్యూటరు. వానకు ముందు దాని ప్లగ్గు తీసేయాలని అందరికీ తెలుసు. కానీ ఆ ఇంట్లో ప్లగ్గు తీయడమంటే ఇంటి పెద్దాయన నోరు మూయడమే. అందుకని ఎవరూ తీయలేదు.

పెద్దాయన పేరు బ్రహ్మలింగం, పడవలు కట్టే మేస్త్రి. తాళ్ళరేవు దాటాక కాలువ ఒడ్డున ఆయన షెడ్డు, షెడ్డు వెనకే ఇల్లు. పుట్టుకతోనే వినికిడి లేదు, మాటా రాలేదు. బడి మొహం చూడలేదు కాబట్టి అక్కడ నేర్పే సంజ్ఞలూ ఆయనకు తెలియవు. ఆయన మాట్లాడేది ఇంట్లోనే పుట్టి ఇంట్లోనే పెరిగిన చేతుల భాష. చెవి పట్టుకుని మెలిపెడితే భైరవపాలెం నాగూరు, అతని చెవికి పోగు ఉంటుంది గనుక. కింది పెదవి మీద రెండు వేళ్ళు ఆనిస్తే భార్య మాణిక్యాంబ. పెళ్ళయిన నాటి నుంచి ఆయన చేతులు చెప్పింది ఊరికి మాణిక్యాంబ నోటితో చెప్పేది, ఊరు చెప్పింది ఆయనకు చేతులతో చెప్పేది.

తరవాత ‘చేతిమాట’ వచ్చింది. అది ఇంటింటికీ విడిగా నేర్చుకునే ప్రోగ్రాం. నేర్పేది ఇంటివాళ్ళే. హాల్లో కెమెరా ముందు, ఇంటికొచ్చినవాళ్ళతో మాట్లాడేటప్పుడు కూడా, బ్రహ్మలింగం చేతులు ఆడిస్తుంటే పక్కన కూర్చుని మాణిక్యాంబ దాని అర్థం పైకి చెప్పేది. కంప్యూటరు ఆ సంజ్ఞనూ ఈ మాటనూ ఒక జతగా కట్టి దాచుకునేది. అలా నెలల తరబడి నేర్చుకుని, చివరికి ఆయన చెయ్యి లేచీ లేవకముందే పైకి చదవడం మొదలుపెట్టింది. షెడ్డు స్తంభానికి ఒక కెమెరా, ఒక స్పీకరు బిగించారు. ఎదుటివాళ్ళ మాటలు అక్కడే తెర మీద చేతుల బొమ్మలై ఆయనకు కనిపించేవి. ఇంత చురుగ్గా పనిచేయడం కోసం అది నేర్చుకున్న విద్యనంతా తీసుకెళ్ళి సిస్టం ఫైళ్ళలోనే రాసుకుంది. అందువల్ల ఆ ఫైళ్ళు చెడితే కంపెనీవాళ్ళ అసలు ప్రతి తెచ్చి పెట్టినా లాభం లేదు. అందులో బడి సంజ్ఞలే తప్ప బ్రహ్మలింగం ఉండడు.

హంసిని ఆ ఇంటికి కోడలుగా వచ్చి ఏడాది అయింది. భర్త గిరిధర్ కాకినాడ రేవులో పని చేస్తూ వారానికోసారి వచ్చేవాడు. ఆమె ఇంటి నుంచే విశాఖ కంపెనీకి సాఫ్ట్‌వేరు పని చేసుకునేది. చేతుల భాష ఆమెకు ఇంకా పట్టుబడలేదు, నిజం చెప్పాలంటే అవసరమూ పడలేదు. ‘చేతిమాట’ గొంతులో మామగారు ఎంత మెత్తగా మాట్లాడేవారని! ‘తిన్నావా అమ్మా’, ‘వంట బాగుందమ్మా’, ‘కాస్త నడుం వాల్చమ్మా’. సొంత తండ్రి దగ్గర కూడా అన్ని మంచి మాటలు విని ఎరగదు. ఆ గొంతంటే ఆమెకు ప్రాణం.

ఇప్పుడా గొంతు పిడుగు దెబ్బకు “మంచిదండి మంచిదండి మంచిదండి” అని ఆగకుండా అంటూ ఉంది.

“బాగవుద్దంటావా అమ్మాయ్?” అంది మాణిక్యాంబ, చీర కొంగుతో కంప్యూటరు మీద లేని దుమ్ము తుడుస్తూ.

“మీరు కంగారు పడకండి అత్తయ్యా. నా పనే ఇది కదా.”

ముందు అన్నింటికీ నకలు తీసి వేరే డిస్కులో భద్రపరిచింది. తరవాత మరమ్మతు ప్రోగ్రాం నడిపింది. సిస్టం ఫైళ్ళు చాలా చెడిపోయాయని అది తేల్చింది. అసలు ప్రతి తెచ్చి పెట్టనా, దాచిన జతల నుంచి మళ్ళీ కట్టనా అని అడిగింది. హంసిని రెండోది ఎంచుకుంది. ఈ మరమ్మతు ప్రోగ్రాం కొత్త రకం. మనిషి మొహం చూసి, చేతుల ఊపు చూసి, మాట తీరు ఎలా ఉండాలో సొంతంగానే అంచనా వేయగలదు. ఒక్కొక్క జతనూ తీసి, సంజ్ఞకూ మాటకూ పొత్తు కుదిరిందా లేదా అని చూసుకుంటూ పోయింది. భోజనాల వేళకు తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. దాచిన జతల్లో ఇంచుమించు మూడో వంతు పొసగడం లేదు, పాడైనవిగా లెక్కకట్టి తీసేయనా?

పిడుగు చేసిన పనే అనుకుంది హంసిని. తీసేయమని నొక్కేసింది.

మర్నాడు ఉదయం ‘చేతిమాట’ గొంతు సవరించుకుని చక్కగా లేచింది. బ్రహ్మలింగం పెసరట్టు ముక్క చట్నీలో అద్ది నోట్లో పెట్టుకుని, రెండు చేతులూ ఆడించాడు.

“ఇది చట్నీ కాదు, గోడకు కొట్టే సున్నం” అంది కంప్యూటరు అదే మెత్తని గొంతుతో. “ఈ పిల్లకు మాట ఎక్కువ, ఉప్పు తక్కువ.”

హంసిని చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. మామగారు తాపీగా ఇంకో ముక్క తుంచుకుంటున్నాడు. ఆయన మొహంలో కోపమేమీ లేదు, రోజూ ఉండే మొహమే.

“ఇంకా పూర్తిగా బాగవలేదేమోలే అమ్మాయ్” అంది మాణిక్యాంబ గబగబా. ఆమె మొహం మాత్రం పాలిపోయింది. అది హంసిని చూసింది గానీ తలకెక్కలేదు.

పదింటికల్లా నాగూరు వచ్చాడు. సముద్రం మీద వేటకు వెళ్ళే మనిషి. ఆ షెడ్డులో అతను కట్టించుకున్న పడవలు మూడు. మూడోది పోయిన వానాకాలంలో మునిగిపోయింది. అందులో ఉన్న అయిదుగురూ డీజిలు డబ్బాలు పట్టుకుని తేలుతూ ఎలాగో ఒడ్డుకు చేరారు. నాగూరు బావమరిదికి పడవ పక్క విరిగి మీద పడడంతో కాలు పోయింది. ఇప్పుడు కడుతున్నది నాలుగోది. మేస్త్రీ అంటే నాగూరుకు దేవుడితో సమానం. అంత నెమ్మదస్తుడు ఈ తీరం మొత్తానికి లేడని కనిపించిన వాళ్ళందరికీ చెప్పేవాడు.

“మేస్త్రీ, ఈ పాలి కూడా ఆ పెద్ద ఇంజనే పెట్టిద్దారనుకుంతన్నాను. ఎనక చోటు కొంచెం ఎక్కువొగ్గు” అన్నాడు, పడవ వెన్నుదూలం మీద చెయ్యి వేసి.

బ్రహ్మలింగం చెక్క చెక్కే బాడిస కింద పెట్టి చేతులెత్తాడు. స్తంభం మీది స్పీకరు పలికింది.

“ఒరే గాడిదా, నీ బుర్రలో ఉన్నది మెదడా పేడా? ఒకసారి ముంచింది చాలలేదా? ఈసారి చావాలంటే నువ్వొక్కడివే చావు. నీ వెంట వచ్చే కుర్రాళ్ళ తల్లులకు ఏం చెబుతావు?”

షెడ్డులో పనికుర్రాళ్ళ ఉలి చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. నాగూరు వెన్నుదూలం మీంచి చెయ్యి తీసేశాడు.

“ఏటన్నావ్? నన్నేనా? ఇరవై ఏళ్ళ సావాసం మనది! పిల్లల ముందర ఇంత మాటంతావా? ఉంచుకో నీ పడవ, నువ్వే ఎక్కి ఊరేగు!” అని తలపాగా విసిరి భుజాన వేసుకుని, మళ్ళీ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

తెర మీద చేతుల బొమ్మలు నాగూరు మాటల్ని ఉన్నదున్నట్టు చూపించాయి. బ్రహ్మలింగం వాటిని చూసి, వెళ్ళిపోతున్న మనిషిని చూసి, అప్పుడే పరిగెత్తుకొచ్చిన కోడలిని చూశాడు. ఆయన చేతులు తడబడ్డాయి.

“వీడికేమైంది?” అంది స్పీకరు. “ఎప్పుడూ అనే మాటే కదా అన్నాను. ఎప్పుడూ నవ్వేవాడే.”

జతలు పొసగనిది పిడుగు వల్ల కాదని హంసినికి అప్పుడు అర్థమైంది.

గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, ప్రోగ్రాం తీసేసిన జతల్ని ఒక్కొక్కటే తెరిచింది. మామగారి చేతులు, పక్కనే అత్తగారి గొంతు. కింద కొత్త ప్రోగ్రాం చదివిన అర్థం. చేతులు ‘ఈ దొంగవెధవ చెక్కలో చెద ఉంది’ అంటే గొంతు ‘చెక్క ఇంకొంచెం మంచిది ఉంటే తెమ్మంటున్నారండి’ అంది. చేతులు ‘నీ మొహం చూస్తే పని పాడవుతుంది, పో’ అంటే గొంతు ‘రేపు రమ్మంటున్నారు’ అంది. మొదట హంసినికి నవ్వాగలేదు. ఒక మనిషి మాటల్ని ఇంత ఓపిగ్గా, ఇంత కాలం, ఇంత ముచ్చటగా ఉతికి ఆరేసిన వాళ్ళు ఉంటారా అనుకుంది. తరవాత పాత పడవ నాటి జత వచ్చింది. మునిగిపోయిన పడవకు ఆ పెద్ద ఇంజను బిగించక ముందుది. బ్రహ్మలింగం వంగి ఎవరివో కాళ్ళు పట్టుకున్నట్టు చూపించి, మెడ కోసుకున్నట్టు చూపించి, అయిదు వేళ్ళూ ముడిచాడు. ‘నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ ఇంజను పెట్టకు, అయిదుగురూ చస్తారు.’ మాణిక్యాంబ గొంతు ఎప్పటిలాగే తీయగా ఉంది. ‘నీ ఇష్టం నాగూరూ, కాస్త చూసి పెట్టుకోమంటున్నారు.’

హంసినికి నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. భర్తకు ఫోను చేసింది.

“అమ్మ అలా మార్చి చెబుతుందని మా ఇంట్లో అందరికీ తెలుసు హంసీ” అన్నాడు గిరిధర్ అంతా విని. “నాన్నకి తప్ప.”

మాణిక్యాంబ వంటింటి గడప దగ్గర కూర్చుని గోంగూర వలుస్తోంది. కోడలు వచ్చి ఎదురుగా కూర్చోగానే తలెత్తకుండానే అంది:

“పాతదానిలా చేసెయ్యమ్మాయ్. నకలు తీశానన్నావు కదా.”

“చెయ్యగలను అత్తయ్యా. ఆ జతలన్నీ మళ్ళీ కలిపి కడితే పాత గొంతే వస్తుంది. కానీ...”

“కానీ ఏంటి? నీకేం తెలుసు? ఆయన అన్నది అన్నట్టు చెప్పుంటే ఈ ఊళ్ళో మాకు నీళ్ళు పుట్టేవా? నా పెళ్ళయిన నెలకే కర్రల కామందుని బూతులు తిట్టారు. పద్దెనిమిదేళ్ళ పిల్లని, ఆ మాట నా నోటితో ఎలాగనను? మీ దయ అంటున్నారండి అన్నాను. ఆయన సంతోషించి చెక్క ఇచ్చాడు. మీ మావయ్యేమో, చూశావా తిడితే దారికొచ్చాడు అని నాకు సైగ చేశారు. ఆ రోజునించీ ఆయన్నీ ఊరినీ నేనే మోస్తున్నాను. జనం ఆయన్ని మూగోడనేవాళ్ళు. నేను మేస్త్రీ అంటున్నారని చెప్పేదాన్ని. తప్పా?”

“తప్పని నేననడం లేదు” అంది హంసిని. నిజంగానే అనలేకపోయింది. అత్తగారి చెయ్యి పట్టుకోవాలనిపించింది. “ఇంజను మాట చూశాను అత్తయ్యా.”

గోంగూర కాడ మాణిక్యాంబ వేళ్ళ మధ్య విరిగింది. చాలాసేపు రెండోది అందుకోలేదు.

“నాకు నిద్ర లేదమ్మాయ్ అప్పట్నించీ” అంది. “ఆ కాలు పోయిన కుర్రాడు సంతలో కనబడితే వేరే సందులోకి తిరిగిపోతాను. అలవాటైపోయింది. ఏది తిట్టో, ఏది హెచ్చరికో చూసుకోలేదు. అన్నిటికీ ఒకటే పంచదార పోశాను.”

హంసిని చేతిలోని ఫోన్లో ఇంకో జత తెరిచి ఆమె ముందు పెట్టింది. అది గిరిధర్‌ను పెళ్ళికొడుకును చేసిన నాటిది. హాలు నిండా బంధువులున్నారు. బ్రహ్మలింగం నవ్వుతూ భార్య వైపు చూపించి, తన రెండు చేతులూ ఎత్తి, వాటిని తెగిపడ్డట్టు వేలాడేసి, మళ్ళీ ఆమెను చూపించాడు. కింద అర్థం ఉంది: ‘ఈమె లేకపోతే నేను షెడ్డులో పడున్న మొద్దుని. ఎవడూ చెక్కని మొద్దుని.’ మాణిక్యాంబ గొంతు: ‘ఆయనకి మజ్జిగ కావాలంట, ఎవరైనా పట్రండి.’

“అందరి ముందరా అలాంటి మాట ఎలా చెప్పుకుంటాం?” అంది మాణిక్యాంబ. ఆమె మెడ దాకా ఎర్రబడింది. ఆపైన ఏడ్చింది.

“పాతది పెడితే ఇది కూడా మజ్జిగే అవుతుంది అత్తయ్యా. పెట్టమంటే పెడతాను. కానీ ఏది ఉండాలో చెప్పాల్సింది మీరూ నేనూ కాదు. అవి మావయ్యగారి మాటలు.”

“నేనే చెబుతాను” అంది మాణిక్యాంబ కళ్ళు తుడుచుకుని. “నువ్వు చెబితే, యంత్రం చెబితే, ఆయన తట్టుకోలేరు.”

సాయంత్రం పనివాళ్ళు వెళ్ళాక ఆమె షెడ్డులోకి వెళ్ళింది. బ్రహ్మలింగం చెక్కకు చిత్రిక పడుతున్నాడు. హంసిని గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మాణిక్యాంబ మొదలుపెట్టగానే స్తంభం మీది స్పీకరు ఆమె చేతులు కూడా చదివింది. ఆడమనిషి మాటలు, అదే మెత్తని మగగొంతు.

“నువ్వు తిట్టినవి నేను తిట్టుగా చెప్పలేదు. ఎన్నడూ. వాళ్ళు నవ్వింది నేను చెప్పిన మాటలకి, నీ మాటలకి కాదు. ఇంజను మాట కూడా చెప్పలేదు. కాళ్ళు పట్టుకున్నావు, అది కూడా చెప్పలేదు.”

బ్రహ్మలింగం అర్థం కానట్టు మళ్ళీ చెప్పమన్నాడు. ఆమె మళ్ళీ చెప్పింది. ఆయన మొహంలో ఒక్కొక్కటే దీపం ఆరినట్టయింది. మెల్లగా వెళ్ళి కెమెరాను గోడ వైపు తిప్పేశాడు. తరవాత ఆయన చేతులు ఏమీ చెప్పలేదు.

ఆ మర్నాడూ చెప్పలేదు, ఆ తరవాతా చెప్పలేదు. పని చేశాడు, తిన్నాడు, పడుకున్నాడు. చేతులు మాత్రం చెక్కనూ ఉలినీ తప్ప దేన్నీ పలకరించలేదు. ఆ ఇంట్లో మాట లేని మనిషి ఉన్నాడని హంసినికి మొదటిసారి తెలిసొచ్చింది. ఇన్నాళ్ళూ తాను ప్రేమించిన మామగారిని అత్తగారూ కంప్యూటరూ కలిసి తయారుచేశారు. ఇప్పుడు ఎదురుగా ఉన్న ఈయన ఎవరో ఆమెకు తెలియదు. బెంగగా ఉండేది. గిరిధర్ వచ్చి తండ్రి పక్కన కూర్చుని లేచి వెళ్ళాడు. మాణిక్యాంబ అన్నం వడ్డించి, ఆయన తిన్న కంచం తీసి, ఆయన చూపు కోసం నిలబడి నిలబడి లోపలికి వెళ్ళేది. మధ్యలో భైరవపాలెం నుంచి కబురొచ్చింది, కట్టిన మేరకు పడవ ఇచ్చేస్తే నాగూరు వేరే చోట పూర్తి చేయించుకుంటాడని, ఇంజను కూడా కొనేశాడని.

ఆ కబురును గిరిధర్ చేతులతో తండ్రికి చెప్పాడు. బ్రహ్మలింగం చాలాసేపు కాలువ వైపు చూస్తూ కూర్చున్నాడు. తరవాత లేచి, కెమెరాను మళ్ళీ ఇవతలికి తిప్పి, భార్యను పిలిచాడు.

“యంత్రానికి నువ్వు నేర్పినవి తిరిగి పెట్టొద్దు” అంది స్పీకరు. బ్రహ్మలింగం కోడలి వైపు చూశాడు. “అమ్మాయికి చెప్పు. ఇది నన్ను చెబుతోంది, ఇలాగే ఉండనీ. కానీ నాగూరు దగ్గరికి ఇది రాదు. నువ్వే రావాలి. నా మాట మార్చింది నువ్వు. వాడికి నువ్వే చెప్పాలి. నేను అన్నదే చెప్పు. ఒక్కటి తగ్గినా నాకు తెలుస్తుంది.”

మాణిక్యాంబ తల ఊపింది. అప్పటికప్పుడు బయల్దేరారు. హంసిని కూడా వెంట వెళ్ళింది, ఎందుకో తెలియదు, ఇంట్లో ఉండలేకపోయింది.

నాగూరు ఇంటి ముందు వలలు ఆరేసి ఉన్నాయి. అరుగు మీద బావమరిది, పక్కన చంకకర్రలు. కొత్త ఇంజను ఇంకా గోతం విప్పకుండా నీడన ఉంది. వీళ్ళను చూసి నాగూరు లేవలేదు.

“ఏటొదినా, ఇంకా తిట్లు మిగిలాయా?” అన్నాడు.

బ్రహ్మలింగం చేతులు లేచాయి. మాణిక్యాంబ గొంతు సవరించుకుంది.

“నేను నిన్ను ఇరవై ఏళ్ళుగా తిడుతున్నాను. నువ్వు నవ్వేవాడివి. నా తిట్టుకు నొచ్చుకోని మనిషి ఈ లోకంలో వీడొక్కడే అనుకున్నాను. అందుకే నువ్వంటే నాకిష్టం.”

నాగూరు ఆమెను చూశాడు. ఆయనను చూశాడు. “తిట్టేవోడివా? నువ్వు మెత్తనోడివనే కదా నాను ఇంతకాలం...” అంటూ మధ్యలోనే ఆగిపోయాడు. ఇద్దరూ ఇరవై ఏళ్ళు ఎవరితో స్నేహం చేశారో ఇద్దరికీ తెలియలేదు.

“అయితే మేస్త్రీ” అన్నాడు నాగూరు గొంతు తగ్గించి. “ఆ పడవకి ఇంజను పెడతానన్నప్పుడు నువ్వేటన్నావు? చూసి పెట్టుకోమన్నావు. అంతే కదా అన్నావు?”

మాణిక్యాంబ ఆ ప్రశ్నను చేతులతో భర్తకు చెప్పింది. ఒక్క ముక్క మార్చలేదు. బ్రహ్మలింగం ముందుకు వంగాడు. ఆనాటిలాగే కాళ్ళు పట్టుకున్నట్టు చూపించాడు, మెడ మీద చెయ్యి ఆడించాడు, అయిదు వేళ్ళూ ముడిచాడు. చెప్పి, భార్య వైపు చూడలేదు. నాగూరు మొహంలోకే చూస్తున్నాడు.

మాణిక్యాంబ పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. అరుగు మీది కుర్రాడు చంకకర్రలు సర్దుకుని ఇటు తిరిగాడు.

నాగూరు మొహం అలాగే ఉంది, ఏమీ మారలేదు. బ్రహ్మలింగం ఒక క్షణం ఆగి, మళ్ళీ మొదటి నుంచి అదే చెప్పాడు. కాళ్ళు, మెడ, అయిదు వేళ్ళు. కోపం లేదు, తొందర లేదు. ఎంతసేపైనా చెబుతూనే ఉంటాడని హంసినికి తెలిసిపోయింది.

“‘నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ ఇంజను పెట్టకు, అయిదుగురూ చస్తారు’ అన్నారు” అంది మాణిక్యాంబ. వీధి చివరికి వినబడేంత గట్టిగా అంది. “ఆయన చెప్పారు నాగూరూ. నేను నీకు చెప్పలేదు.”

నాగూరు మొహం మారింది. ముందు నోరు తెరుచుకుంది, తరవాత కళ్ళు బావమరిది లేని కాలి వైపు వెళ్ళాయి, ఆ తరవాత ఆ మొహం వైపు చూడడం హంసిని వల్ల కాలేదు.

బ్రహ్మలింగం మాత్రం కళ్ళు తిప్పకుండా అంతా చూశాడు. తన మాట చేరిందని తెలుసుకున్నాక, మెల్లగా చేతులెత్తి, నీడనున్న కొత్త ఇంజను వైపు చూపించి, తరవాతి మాట మొదలుపెట్టాడు.